నాలుకకి సెలవు

క్లేటన్ స్టేషన్ దాటాక, టైర్ల షాపుకీ లాండ్రీకీ మధ్య
ఇరుక్కుని కూచున్న చాంగ్‌చింగ్ వంటిల్లు.
ఏడు బల్లలు. ఒకదాని కాలు కింద
మడతపెట్టిన పాత మెనూ.
తలుపు తోయగానే ముందు దగ్గొస్తుంది,
తరవాతే ఆకలి.
మా ఫ్లాట్‌లో పోపులో ఎండుమిర్చి మాడితే
పక్కవాళ్లు ధడేలుమని కిటికీలు మూస్తారు.
ఇక్కడ అదే పొగకి
మెల్‌బోర్న్ చలిలో వరస కట్టి నించుంటారు.

నేను దుబాసీని.
పొద్దుటినించీ ఈ నాలుక అద్దెకి తిరిగింది.
"నాకు మూత్రంలో మంట" అంది ఒకరి తరఫున,
"నేను మాత్రలు మానలేదు" అంది ఇంకొకరి తరఫున.
"ఆయన అంటున్నాడు" అనకూడదు, "నేను" అనాలి.
ఏదీ కలపకు, ఏదీ వదలకు -
ఉద్యోగంలో చేరిన రోజే చెప్పేస్తారు.

మధ్యాహ్నం మూడున్నరకి డాక్టరు నోట్లోంచి
"ఇంక చెయ్యగలిగింది లేదు" బయల్దేరి
నా నోట్లోంచి తెలుగులో దిగింది.
ఆదిలక్ష్మి గారు అతని వంక చూళ్లేదు.
నన్నే చూసి,
"నిజంగా అంతే అన్నాడా తల్లీ?
ఇంకేవన్నా అంటే నువ్వు మర్చిపోయావేమో" అన్నారు.
అదీ ఇంగ్లీషు చేశాను.
చెయ్యాలి.
అతను పెన్ను మూత పెట్టి, తీసి, మళ్లీ పెట్టాడు.

పళ్లెం వచ్చింది.
కల్లంలో ఆరబోసినట్టు ఎర్రటి గుట్ట,
లోపలెక్కడో చిక్కుడుగింజంత కోడిముక్కలు.
పుల్లలతో తవ్వుకోవాలి.
పక్క బల్ల కుర్రాళ్లు మిరపకాయల్ని ఓ వారకి నెట్టి
కోడిని ఏరుకుంటున్నారు.
నేను మిరపకాయల్నీ నముల్తున్నాను.
చల్లమిరపకాయల మీద పెరిగిన దవడ,
దానికి దండగ చెయ్యడం రాదు.

వంటగది గుమ్మంలోంచి యజమానురాలు లువో చూసింది.
గరిటె ఊపుతూ ఏదో అంది,
పొడుగ్గా, ఎక్కుతూ దిగుతూ,
మధ్యలో రెండుసార్లు నా పళ్లెం వైపు చూపిస్తూ.
మూల బల్ల మీద భిన్నాల లెక్కలు చేసుకుంటున్న పదేళ్ల కొడుకు
తలెత్తకుండానే
"మంచినీళ్లు కావాలా అంటోంది మా అమ్మ" అన్నాడు.

ఎనిమిదేళ్ల సర్వీసు నాది.
ఇంత ధైర్యంగా ఎవర్నీ కుదించలేదు.
నవ్వాపుకుని "నిజంగా అంతే అందా?" అన్నాను.
అని, ఆగిపోయాను.
ఆ ప్రశ్న ఎవరిదో తెలుసు.

వాడు పెన్సిలు చివర కొరికాడు.
"అవి తినేవి కాదట, వాసనకట.
రేపు కడుపు పాడైతే మా షాపుని తిడతారట.
మీకు అన్నం పెట్టేవాళ్లెవరూ లేరా అని కూడా అంది.
అది చెప్పక్కర్లేదనుకున్నా."

చెప్పక్కర్లేదనుకున్నాడు.
ఎంత తేలిగ్గా అనుకున్నాడు!

ఈలోగా ఆ మిరియంలాంటి, మిరియం కాని గింజ
పని మొదలెట్టింది.
పెదవి అంచున చీమలు, ఆ తరవాత చిగుళ్లు,
ఆఖరికి నాలుక మొత్తం
తడిసిన దుప్పటిలా నోట్లో పడుకుంది.
మఠం వేసుకుని కూచుంటే కాలికి పట్టే తిమ్మిరే,
నాలుక్కీ పడుతుందని ఇక్కడికొచ్చాకే తెలిసింది.
"ళ" అందామని చూశాను, ఇంకేదో పడింది.
ఏ భాషా తిరగని పావుగంట.
దీన్ని "నేను" అనమని
ఇప్పుడు ఎవరూ పంపలేరు.

ఫోను వణికింది. ఏజెన్సీ.
రాత్రి ఎమర్జెన్సీ, తెలుగు, ఇరవై నిమిషాలు.
అక్కడ నాకు పేరుండదు, అయిదంకెల నంబరు.
కుర్రాడు గ్లాసుతో నీళ్లు తెచ్చి పెట్టాడు,
అడక్కుండానే, ఏమీ అనకుండానే.
ఫోను బల్ల మీద ఇంకా గింజుకుంటోంది.
రాలిన మిరపగింజలు దాంతోపాటు
కొద్దికొద్దిగా జరుగుతున్నాయి.
నేను ఇంకో మిరపకాయ
ఏరుకుని నోట్లో వేసుకున్నాను.